కింది మెట్టు మీద ఫుట్‌బాల్

1958లో కలకత్తా ఫుట్‌బాల్ లీగును ఈస్టర్న్ రైల్వే జట్టు గెలుచుకుంది. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్ అనే ముగ్గురు పెద్దలను దాటి ఇంకొక క్లబ్బు ఆ ట్రోఫీ ఎత్తడానికి మళ్లీ 2019 దాకా పట్టింది. ఆ ఏడు పీర్‌లెస్ గెలిచింది. మధ్యలో 61 ఏళ్లు. రైల్వే జట్టు గెలుపు చూసిన కుర్రవాడు ముత్తాత కాగలిగినంత కాలం. అన్నేళ్లలో ఆర్యన్, జార్జ్ టెలిగ్రాఫ్, టాలీగంజ్ అగ్రగామి, ఖిదిర్‌పూర్ లాంటి క్లబ్బులు వాన మొదలయ్యే వేళకు జట్టు కట్టుకుని, బురదలో ఆడి, ఓడి, మరుసటి ఏడాది మళ్లీ వచ్చాయి. ట్రోఫీ వస్తుందన్న ఆశ వాటిలో చాలావాటికి లేదు. కింది డివిజన్‌కు జారకుండా నిలబడితే అదే వాటికి పండగ.

ఇక గెలిచిన క్లబ్బుల సంగతి. 1996-97లో మొదలైన జాతీయ ఫుట్‌బాల్ లీగుకు తొలి విజేత పంజాబ్‌లోని ఫగ్వాడాకు చెందిన జేసీటీ. 2011లో ఆ జట్టును మూసేశారు. 2005-06 విజేత ముంబయికి చెందిన మహీంద్రా యునైటెడ్. అది 2010లోనే మూతపడింది. 1997లో పుట్టిన ఎఫ్‌సీ కొచ్చిన్ పుట్టిన ఏడాదే డ్యూరాండ్ కప్పు ఎగరేసుకుపోయింది, ఐదారేళ్లకే కనుమరుగైంది. 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ నాలుగేళ్లు తిరగకుండానే ఊరు మార్చుకుని, పేరు మార్చుకుని ఢిల్లీ చేరింది.

ఓడే క్లబ్బు వందేళ్లు ఎలా బతుకుతోంది? గెలిచిన క్లబ్బు అంతకాలం ఎందుకు నిలవడం లేదు? మన దేశంలో రాష్ట్ర, నగర స్థాయి ఫుట్‌బాల్ లీగుల మంచిచెడ్డలన్నీ ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతాయి. టీవీలో కనిపించేది పై అంతస్తైన ఐఎస్ఎల్ ఒక్కటే. దాని కింద ఐ-లీగ్, ఐ-లీగ్ 2, ఐ-లీగ్ 3 ఉన్నాయి. వాటికీ కింద రాష్ట్రాల లీగులు, జిల్లా లీగులు, నగరాల్లో ఏ, బీ, సీ డివిజన్లు ఉన్నాయి. జాతీయ జట్టు చొక్కా వేసుకునే ప్రతి కుర్రవాడూ ఎక్కడో ఒకచోట ఈ కింది మెట్ల మీద కాలు పెట్టి వచ్చినవాడే.

కథ కలకత్తాలో మొదలుపెట్టడం న్యాయం. అక్కడి లీగు 1898లో మొదలైంది. ఆసియాలో ఇంతకన్నా పాతది లేదు. నడిపేది 1893లో పుట్టిన ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ (ఐఎఫ్ఏ). పేరులో ఇండియా ఉన్నా అది బెంగాల్ సంఘమే. తొలి విజేత గ్లౌస్టర్‌షైర్ రెజిమెంట్. ఆడిందంతా తెల్లవాళ్లే, భారతీయ క్లబ్బులకు లీగు గుమ్మం దాటే వీలు లేదు. 1911 జూలై 29న మోహన్ బగాన్ ఒక్కడికి తప్ప ఎవరికీ బూట్లు లేని జట్టుతో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డు గెలిచింది. ఈ సంగతి అందరికీ తెలుసు. అంత గెలిచిన జట్టుకు కూడా లీగులో చోటు దొరకడానికి 1914 దాకా ఆగాల్సి వచ్చిందన్నది అంతగా తెలియదు. దొరికింది కూడా రెండో డివిజన్‌లో! ఆర్యన్‌తో కలిసి అక్కడ ఆడి, 1915లో బగాన్ పై డివిజన్‌కు ఎక్కింది. ఆ తర్వాత కూడా మొదటి డివిజన్‌లో భారతీయ క్లబ్బులు రెండుకు మించకూడదన్న నిబంధన నడిచింది. 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్ రెండో డివిజన్‌లో సత్తా చూపించి, ఆ నిబంధన సడలాక 1925లో పైకి వచ్చింది.

మహమ్మదన్ స్పోర్టింగ్ కథ ఇంకా గొప్పది. 1931 నుంచి మూడేళ్లు వరసగా డర్హమ్ లైట్ ఇన్‌ఫాంట్రీ సైనికులు లీగు గెలుచుకుంటూ వచ్చారు. 1933లో రెండో డివిజన్ నుంచి పైకి ఎక్కిన మహమ్మదన్ 1934లో, మొదటి డివిజన్‌లో తన మొట్టమొదటి ఏడాదే, ఆ లీగు గెలిచింది. కలకత్తా లీగు గెలిచిన తొలి భారతీయ క్లబ్బు అదే. అక్కడితో ఆగలేదు, 1938 దాకా వరసగా ఐదేళ్లు గెలిచింది. వలస పాలన కాలంలో కింది డివిజన్ అనేది భారతీయుడికి వెనక గుమ్మం. ఆ గుమ్మాన్ని ఒక సైనిక రెజిమెంట్ ఇష్టానికో, ఒక దొర దయకో వదిలేయకుండా నిబంధనగా తెరిచి ఉంచింది డివిజన్ల పద్ధతి. కింద గెలిస్తే పైకి ఎక్కాలి, పైన ఓడితే కిందికి దిగాలి. ఆ మామూలు సూత్రంలో ఎంత న్యాయం దాగి ఉందో మహమ్మదన్ చూపించింది.

ఇవాళ్టికీ కలకత్తాలో ప్రీమియర్ డివిజన్ కింద ఫిఫ్త్ డివిజన్ వరకు మెట్లున్నాయి. మైదాన్ అని పిలిచే విశాలమైన పచ్చిక అంతా సైన్యానిది. పక్కా కట్టడాలకు అనుమతి లేదు కాబట్టి క్లబ్బు కార్యాలయాలను అక్కడ ఇప్పటికీ టెంట్లనే అంటారు. పెద్ద క్లబ్బుల గ్రౌండ్లకు గ్యాలరీలున్నాయి. ఈస్ట్ బెంగాల్ గ్రౌండులో ఆర్యన్‌కు కూడా వాటా ఉంది. మిగిలిన చిన్న క్లబ్బులకు ఒక టెంటు, కొన్ని కుర్చీలు, గోడ మీద పాత జట్టు ఫోటోలు, వీటితోనే సంసారం. క్లబ్బు నడిపేది పేట పెద్దలు. తండ్రి కార్యదర్శిగా ఉన్నచోట కొడుకు కోశాధికారి కావడం మామూలే. లాభం ఏమీ ఉండదు. చేతి డబ్బు పోవడమే ఎక్కువ. అయినా పేట పేరు లీగు పట్టికలో కనబడాలి, అంతే.

ఆటగాడి లెక్క వేరు. కింది డివిజన్‌లో వచ్చే డబ్బు బస్సు చార్జీలకు, ఒక పూట భోజనానికి సరిపోతే గొప్ప. అందుకే బెంగాల్‌లో ‘ఖేప్’ అనే మాట ఉంది. ఊళ్లలో, పేటల్లో జరిగే టోర్నమెంట్లకు రోజు కూలి మీద వెళ్లి ఆడటాన్ని ఖేప్ అంటారు. క్లబ్బుకు తెలియకుండా వెళతారు, తెలిసినా క్లబ్బు చూసీచూడనట్టు ఊరుకుంటుంది. కాలు విరిగితే అడిగేవాడు ఉండడు. అయినా ఆ డబ్బే చాలా ఇళ్లలో పొయ్యి వెలిగిస్తుంది. లీగు వాడికి పేరు ఇస్తుంది, ఖేప్ అన్నం పెడుతుంది. ఈ రెండూ ఒకే చోట దొరికేలా చేయలేకపోవడమే మన చిన్న లీగులన్నిటి అసలు లోపం.

పెద్ద క్లబ్బులు జాతీయ లీగుల వైపు వెళ్లిపోయాక కలకత్తా లీగు స్వభావం కూడా మారింది. 2010 నుంచి 2017 దాకా ఈస్ట్ బెంగాల్ వరసగా ఎనిమిదిసార్లు గెలిచినా, ఆ గెలుపుకు వెనకటి ఉరుము లేదు. ఇప్పుడు పెద్ద జట్లు ఎక్కువగా కుర్రవాళ్లనే దింపుతున్నాయి. 2023 నుంచి ప్రీమియర్ డివిజన్‌లో విదేశీ ఆటగాళ్లను ఆపేశారు, ఆ తర్వాత స్థానిక కుర్రవాళ్లు మైదానంలో తప్పనిసరిగా ఉండాలన్నారు. ఇది మంచి నిర్ణయం. లీగు పాత వైభవం కోసం ఏడుస్తూ కూర్చోవడం కన్నా, పంతొమ్మిదేళ్ల కుర్రవాడికి జనం ముందు ఆడే అవకాశం ఇవ్వడమే దాని ఇప్పటి పని. ఆ మెట్ల మీదుగా ఎంత వేగంగా ఎక్కవచ్చో డైమండ్ హార్బర్ ఎఫ్‌సీ చూపించింది. ఎంపీ అభిషేక్ బెనర్జీ చొరవతో 2022లో పుట్టిన ఆ క్లబ్బు ఐ-లీగ్ 3, ఐ-లీగ్ 2 దాటుకుని, 2025 డ్యూరాండ్ కప్పు సెమీఫైనల్లో ఈస్ట్ బెంగాల్‌నే ఓడించింది. ఫైనల్లో నార్త్ఈస్ట్ యునైటెడ్ చేతిలో 6-1తో చిత్తయినా, మూడేళ్ల క్లబ్బుకు అది చిన్న ప్రయాణం కాదు. అండ ఉన్నంత కాలం ఎక్కుతుంది సరే, ఆ అండ పక్కకు జరిగితే నిలుస్తుందా అన్నదే చూడాలి.

హైదరాబాద్ దగ్గర కాసేపు ఆగాలి. ఎందుకంటే చిన్న లీగు ఎంత చేయగలదో, అది వాడిపోతే ఏం పోగొట్టుకుంటామో చెప్పడానికి దేశంలో ఇంతకు మించిన ఉదాహరణ లేదు.

సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పాడు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యాడు, 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు పగ్గాలు పట్టాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. 1950 డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. 1951, 1962 ఆసియా క్రీడల్లో దేశానికి బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, అన్నీ రహీం సాబ్ శిక్షణలోనే. 1956, 1957 సంతోష్ ట్రోఫీలు హైదరాబాద్‌వి. 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమా ఈ కథనే చూపించింది.

కానీ సినిమాకు అందని భాగం ఒకటుంది. రహీం సాబ్ అసలు పనిముట్టు జాతీయ శిబిరం కాదు, నగరంలోని పోటీలు. డ్రిబ్లింగ్ చేయకూడదన్న షరతుతో టోర్నమెంట్లు పెట్టించాడు. బంతి కాలికి తగలగానే పక్కవాడికి అందించాలి. అలవాటు లేని కాలితోనే ఆడాలన్న పోటీలు కూడా పెట్టించాడు. పేట జట్ల పిల్లలు ఆటగా ఆడుకుంటూనే రెండు కాళ్లతో బంతి కొట్టడం, చూడకుండానే పాస్ ఇవ్వడం నేర్చుకున్నారు. ఒక నగరపు లీగునే బడిగా మార్చిన బడిపంతులు ఆయన. ఈ రోజుల్లో అకాడమీలు లక్షలు తీసుకుని నేర్పేది అప్పుడు జనం చూస్తుండగా పోటీల్లోనే వచ్చేసింది.

ఆ మట్టిలోంచి వచ్చినవాడే తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టాడు. ఆర్మీ కంబాట్ ఫోర్స్, రైడర్స్ క్లబ్ లాంటి స్థానిక జట్లలో ఆడాడు. రహీం సాబ్ కంట పడ్డాడు. ఇరవై ఏళ్లకే మెల్‌బోర్న్ వెళ్లాడు. మరుసటి ఏడు ఈస్ట్ బెంగాల్ పిలిచింది, వెళ్లాడు, ఇక బెంగాల్‌లోనే ఉండిపోయాడు. 2023 ఫిబ్రవరిలో కన్నుమూసే నాటికి ఆయన ఇల్లు హుగ్లీ ఒడ్డున ఉత్తరపాడాలో. ఆయన తర్వాత నయీముద్దీన్, హబీబ్, అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్... హైదరాబాద్, సికింద్రాబాద్ కుర్రవాళ్లు కలకత్తా రైలెక్కడం ఒక ఆనవాయితీ అయింది. 1966లో ఈస్ట్ బెంగాల్‌లో చేరిన మహమ్మద్ హబీబ్‌ను కలకత్తా ‘బడే మియా’ అని గుండెకు హత్తుకుంది. 1977 సెప్టెంబర్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2-2తో సమంగా నిలిచిన ఆటలో ఒక గోల్ ఆయనదే. ఉద్యోగం ఇస్తామన్నా వద్దని, ఆటనే వృత్తిగా బతికిన ఆటగాడిగా హబీబ్‌కు పేరు.

అందరూ హబీబ్‌లు కాలేరు. మామూలు ఆటగాడికి ఆట కన్నా ముందు కావలసింది ఉద్యోగం. హైదరాబాద్ ఫుట్‌బాల్ వెన్నెముక అదే. పోలీసు శాఖ, సైన్యం, రైల్వే, బ్యాంకులు జట్లు నడిపేవి. బాగా ఆడితే ఉద్యోగం, ఉద్యోగం వస్తే పెళ్లి, ఇల్లు, నెల జీతం. సాయంత్రం ప్రాక్టీసు. పిల్లవాడు బంతి వెంట పరిగెడుతుంటే తండ్రి కేకలేయకపోవడానికి కారణం ఈ భరోసా. కేరళలోనూ ఇదే జరిగింది. త్రిశ్శూర్ మునిసిపల్ స్టేడియంలో సోడాలు అమ్మిన ఐ.ఎం. విజయన్‌ను పదిహేడేళ్ల వయసులో కేరళ పోలీసు శాఖ తన జట్టులోకి తీసుకుంది. ఆ జట్టు 1990, 1991లో వరసగా ఫెడరేషన్ కప్పు గెలిచింది. సోడా సీసా నుంచి 2025లో పద్మశ్రీ దాకా విజయన్ నడిచిన దారికి మొదటి మెట్టు ఒక కానిస్టేబుల్ ఉద్యోగం.

1990ల తర్వాత ఆ మెట్టు అరిగిపోయింది. ప్రభుత్వ శాఖల్లో నియామకాలు తగ్గాయి, స్పోర్ట్స్ కోటా సన్నబడింది, మిల్లులు, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. డిపార్ట్‌మెంట్ జట్లు తగ్గిన కొద్దీ నగర లీగుల్లో పై డివిజన్ పల్చబడింది. వృత్తి క్లబ్బులు వచ్చి ఆ ఖాళీ నింపుతాయని అందరూ అనుకున్నారు. అవి వచ్చాయి, కానీ ఇరవై ముప్పై మందికి రెండేళ్ల కాంట్రాక్టులతో వచ్చాయి. పాత పద్ధతి ఒక నగరంలో కొన్ని వందల కుటుంబాలకు ముప్పై ఏళ్ల జీతం ఇచ్చేది. రెండిటికీ పోలిక లేదు. ఆ ఉద్యోగాలు ఆటలో వృత్తితత్వాన్ని చంపాయని విమర్శించేవాళ్లున్నారు. ఆ విమర్శలో కొంత నిజం ఉన్నా, హైదరాబాద్ మైదానాలు ఖాళీ అయిన తీరు చూశాక ఆ జీతమే ఎక్కువ విలువైనదని ఒప్పుకోవాలి.

గోవాలో క్లబ్బును నిలబెట్టింది ఉద్యోగం కన్నా ఊరు. 1883లో ఫాదర్ విలియం రాబర్ట్ లియోన్స్ అనే పాద్రీ సియోలింలో ఈ ఆట పరిచయం చేశాడు. చర్చి పక్కన ఖాళీ నేల, కోత కోసిన పొలం, పక్క ఊరితో పంతం, ఈ మూడూ కలిసి ప్రతి గ్రామానికీ ఒక జట్టును ఇచ్చాయి. ఆ ఊరి జట్ల మీద గనుల యజమానుల డబ్బు తోడై డెంపో, సాల్గావ్‌కర్ లాంటి క్లబ్బులు ఎదిగాయి. 2006-07 నుంచి 2012-13 దాకా వరసగా ఏడేళ్లు జాతీయ విజేత గోవా క్లబ్బే. డెంపో నాలుగుసార్లు, చర్చిల్ బ్రదర్స్ రెండుసార్లు, సాల్గావ్‌కర్ ఒకసారి. అంత చిన్న రాష్ట్రం నుంచి!

2016లో, అప్పటికి దేశపు పై లీగైన ఐ-లీగ్‌ను ఐఎస్ఎల్ కింద రెండో అంతస్తుకు దించే పథకం బయటపడగానే సాల్గావ్‌కర్, స్పోర్టింగ్ క్లబ్ ద గోవా, డెంపో జాతీయ లీగు నుంచి తప్పుకున్నాయి. గెలిచి సంపాదించుకున్న చోటును కాగితం మీద దించేస్తే ఎలా అన్నది వాళ్ల బాధ. అది న్యాయమైన బాధ. అయితే ఆ క్లబ్బులు చచ్చిపోలేదు. జేసీటీ, మహీంద్రా చచ్చిపోయినచోట ఇవి గోవా రాష్ట్ర లీగులోకి తిరిగి వెళ్లి ఆడుకున్నాయి. డెంపో కింది నుంచి మళ్లీ ఎక్కి 2024-25లో ఐ-లీగ్‌కు తిరిగి వచ్చింది. పడితే పట్టుకోవడానికి కింద ఒక లీగు, ఆ లీగును చూసే ఊళ్లు ఉన్నాయి కాబట్టి బతికింది. ఫగ్వాడాలో ఆ వల లేదు.

గోవా వాళ్లు ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్నది మిజోరం. 2011 లెక్కల ప్రకారం ఆ రాష్ట్ర జనాభా 11 లక్షలు కూడా నిండలేదు. మన దగ్గర ఒక పెద్ద నగరం దానికన్నా ఎక్కువ. 2012లో అక్కడ మిజోరం ప్రీమియర్ లీగ్ మొదలైంది. స్థానిక కేబుల్ టీవీ అండగా నిలిచింది, కొండల మీద కృత్రిమ పచ్చిక పరిచారు, ఊరంతా సాయంత్రం టీవీ ముందో గ్యాలరీలోనో కూర్చుంది. రెండేళ్లకే, 2014లో, మిజోరం సంతోష్ ట్రోఫీ గెలిచింది. రాష్ట్ర లీగు పెట్టడానికీ జాతీయ ట్రోఫీ గెలవడానికీ మధ్య దూరం ఇంత తక్కువ ఉండటం అరుదు.

ఐజ్వాల్ ఎఫ్‌సీ 2015-16లో ఐ-లీగ్ నుంచి కిందికి జారింది. గోవా క్లబ్బులు తప్పుకోవడంతో మళ్లీ పిలుపు వచ్చింది. ఖాలిద్ జమీల్ కోచ్‌గా, ఎక్కువమంది సొంత రాష్ట్రపు కుర్రవాళ్లతో ఆడి, 2017 ఏప్రిల్ 22న ఐజ్వాల్‌లో మోహన్ బగాన్‌ను 1-0తో ఓడించింది. ఏప్రిల్ 30న షిల్లాంగ్ లజోంగ్‌తో 1-1తో డ్రా చేసుకుని 37 పాయింట్లతో ఛాంపియన్ అయింది. బగాన్‌కు 36. కిందికి జారాల్సిన క్లబ్బు ఏడాది తిరిగేసరికి దేశవిజేత! దానికి దక్కిన బహుమతి ఏమిటంటే, ఐఎస్ఎల్‌లో చోటు కావాలని ఎంత మొరపెట్టుకున్నా దొరకలేదు. ఆ లీగులో చోటు అప్పట్లో ఆటతో రాదు, ఫీజు కడితే వస్తుంది. మహమ్మదన్‌కు 1933లో వలస పాలకుల లీగు ఇచ్చిన అవకాశం, ఐజ్వాల్‌కు 2017లో స్వతంత్ర భారత లీగు ఇవ్వలేకపోయింది. ఆ గాయం ఇంకా మానలేదు.

మిజోరంను మరీ ఆకాశానికెత్తడం కూడా తప్పే. 2024లో ఆ రాష్ట్ర సంఘం మ్యాచ్ ఫిక్సింగ్ నేరం మీద మూడు క్లబ్బులను, ముగ్గురు అధికారులను, 24 మంది ఆటగాళ్లను నిషేధించింది. ఆన్‌లైన్ బెట్టింగ్ వచ్చాక ప్రపంచంలో ఏ మూల జరిగే చిన్న లీగైనా జూదగాడి కంటికి ఆనుతుంది. ప్రసారం ఉంటే చాలు. జీతం తక్కువ, నిఘా తక్కువ, ప్రసారం మాత్రం ఉంది. ఇంతకన్నా ప్రమాదమైన కలయిక ఉండదు. తప్పును దాచకుండా బయటపెట్టి శిక్షించినందుకు మిజోరం సంఘాన్ని మెచ్చుకోవాలి.

సంఘాల గొడుగు బయట కూడా ఒక లోకం ఉంది. కేరళలో మలబారు ప్రాంతం, ముఖ్యంగా మలప్పురం జిల్లా, సెవెన్స్ ఆటకు ప్రాణం పెడుతుంది. జట్టుకు ఏడుగురు. వానలు వెనక్కి తగ్గాక కోసిన పొలాల్లో, చిన్న మైదానాల్లో తాత్కాలిక గ్యాలరీలు కట్టి, దీపాల వెలుగులో ఆడతారు. టికెట్టు కొని వేలమంది వస్తారు. నైజీరియా, ఘనా, ఐవరీ కోస్ట్ నుంచి వచ్చిన కుర్రవాళ్లు మ్యాచ్ లెక్కన ఆడతారు. వాళ్లలో ఒకడి కథే 2018లో వచ్చిన ‘సుడానీ ఫ్రమ్ నైజీరియా’ సినిమా. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య గుర్తింపు లేదు, అయినా ప్రేక్షకులకు కొదవ లేదు. కింది స్థాయి ఫుట్‌బాల్ ఎవరు చూస్తారండీ అనేవాళ్లు ఒక్క రాత్రి మలప్పురంలో గడిపితే ఆ మాట మళ్లీ అనరు. ఇంటికి దగ్గర్లో, పని ముగిసిన వేళ, తెలిసిన ముఖాలు ఆడితే జనం వస్తారు. మన సంఘాలు చాలాచోట్ల మధ్యాహ్నం మూడింటికి, ఎండలో, ప్రకటన కూడా లేకుండా మ్యాచ్‌లు పెట్టి, జనం రాలేదని బాధపడుతుంటాయి. 2024లో ఆరు క్లబ్బులతో మొదలై తొలి ఏడు కాలికట్ ఎఫ్‌సీ గెలిచిన సూపర్ లీగ్ కేరళ ఈ ప్రేక్షకుడినే నమ్ముకుంది. అందులో ఎక్కడం దిగడం లేకపోవడం మాత్రం లోటే.

ఐఎస్ఎల్‌కు ఎక్కే నిచ్చెన చివరికి వచ్చింది. 2022-23 ఐ-లీగ్ విజేత పంజాబ్ జట్టు ఐఎస్ఎల్‌కు ఎక్కింది. మరుసటి ఏడు మహమ్మదన్ స్పోర్టింగ్. 1934లో రెండో డివిజన్ నుంచి వచ్చి చరిత్ర తిరగరాసిన క్లబ్బే 90 ఏళ్ల తర్వాత మళ్లీ కింది నుంచి ఎక్కి దేశపు పై లీగులో అడుగుపెట్టింది. 2024-25లో ఐ-లీగ్ విజేత చర్చిల్ బ్రదర్సా, ఇంటర్ కాశీయా అన్నది మైదానంలో తేలలేదు. స్విట్జర్లాండ్‌లోని క్రీడా న్యాయస్థానం దాకా వెళ్లి 2025 జూలైలో ఇంటర్ కాశీ వైపు తేలింది. అదే ఏడాది సమాఖ్యకూ వాణిజ్య భాగస్వామికీ మధ్య 2010లో కుదిరిన 15 ఏళ్ల ఒప్పందం గడువు ముగింపుకు రావడంతో ఐఎస్ఎల్ మామూలుగా మొదలయ్యే సెప్టెంబర్‌లో మొదలే కాలేదు. పైకప్పు కదిలినప్పుడు కూడా కలకత్తాలో వానాకాలపు లీగు నడిచింది. పై లీగు ఆగితే దేశంలో ఫుట్‌బాల్ ఆగిపోయినట్టు రాసిన పత్రికలు ఆ సంగతి గుర్తించి ఉంటే బాగుండేది.

చిన్న లీగుకు కావలసింది పెద్ద డబ్బు కాదు, పొడవైన కాలం. చాలా రాష్ట్రాల్లో లీగు పేరుతో నడిచేది ఒకే మైదానంలో కొన్ని వారాల్లో ముగించే టోర్నమెంటు. రెండు రోజులకో మ్యాచ్ ఆడి, గాయాలతో ఇంటికెళ్లి, మిగిలిన పది నెలలు ఆటగాడు ఏం చేయాలి? ఖేప్‌కు వెళతాడు, లేదా డెలివరీ బండి ఎక్కుతాడు. ఆరు నెలల పాటు వారానికి ఒక మ్యాచ్, సొంత మైదానం ఒకటి, ఎదుటి పేట మైదానం ఒకటి, ఇంత ఉంటే చాలు ఆటగాడికి ఒక జీవితం ఏర్పడుతుంది. పేటకు శని, ఆదివారాలు ఏర్పడతాయి. ఇందుకు ముందు మైదానం కావాలి. నగరాల్లో ఖాళీ నేల కోట్లు పలుకుతున్న కాలంలో పిల్లల ఆటస్థలాన్ని కాపాడటం ఫుట్‌బాల్ సంఘాల పని ఒక్కటే కాదు, మునిసిపాలిటీల పని కూడా.

తెలుగు రాష్ట్రాల లెక్క చూస్తే మనసు ఒక పక్క కుంగుతుంది, ఇంకో పక్క లేస్తుంది. 2015లో పుట్టిన ఫతే హైదరాబాద్ కొన్నాళ్లు ఐ-లీగ్ రెండో డివిజన్‌లో ఆడి మాయమైంది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ గెలిచింది. ఆ రాత్రి కప్పు ఎత్తిన క్లబ్బు రెండేళ్లకే జీతాల బకాయిలతో కూలబడింది. అది ఢిల్లీకి తరలిపోతుంటే ఊళ్లో నిరసన కూడా పెద్దగా లేదు. ఎందుకుంటుంది? ఏ పేటకూ ఆ జట్టు తనదని అనిపించేలోపే అది వెళ్లిపోయింది. అదే 2015లో విశాఖపట్నంలో పుట్టి హైదరాబాద్ చేరిన శ్రీనిధి డెక్కన్, అజీజ్‌నగర్‌లో సొంత మైదానం కట్టుకుని, 2022-23, 2023-24లో వరసగా ఐ-లీగ్ రెండో స్థానంలో నిలిచింది. సొంత మైదానం ఉన్న క్లబ్బు నిలిచింది, అద్దె స్టేడియంలో ఆడిన విజేత వెళ్లిపోయింది. నగర లీగు ఇప్పటికీ రహీం సాబ్ పేరుతోనే ఉంది. ఆయన పేరు పెట్టుకున్న లీగు కనీసం సగం ఏడాదైనా నడవాలని కోరుకోవడం అత్యాశ కాదు.

అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు క్రీడా అకాడమీ, స్పెయిన్ లా లీగా తోడ్పాటుతో, పల్లె పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతోంది, లీగు ఆడిస్తోంది. అక్కడ అమ్మాయిలు కూడా పోటీ పడుతున్నారు. కరువు జిల్లాలో పచ్చటి మైదానాలు. ఆ లీగు నుంచి ఎవరు జాతీయ జట్టుకు ఎక్కుతారో కాలమే చెప్పాలి, కానీ వారం వారం బంతి తన్నే అలవాటు మాత్రం ఇప్పటికే పడింది.

నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య ఇంకో దారిలో వెళ్లింది. గోకులం కేరళకు ఆడి, 2022లో క్రొయేషియాలో దినామో జాగ్రెబ్ క్లబ్బుకు సంతకం చేసి, 2024-25లో ఈస్ట్ బెంగాల్ మహిళల జట్టులో చేరింది. ఆ ఏడు ఈస్ట్ బెంగాల్ ఇండియన్ వుమెన్స్ లీగ్ గెలిచింది, సౌమ్య దేశంలో ఆ ఏటి ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా సమాఖ్య పురస్కారం అందుకుంది. ఆమె వేసుకున్నది ఎరుపు, బంగారు రంగుల చొక్కా. 1957లో అమ్ముగూడ బలరాం, 1966లో హైదరాబాద్ హబీబ్ వేసుకున్నదీ అదే.